కొట్లో కంప్యూటర్‌కి దారి చెప్పేది ఎవరు?

వేరే ఊళ్లో ఉన్న కంప్యూటర్‌ని ఇక్కడి నుంచి తెరవాలంటే ఏం చెయ్యాలని ఎవరినైనా అడగండి. "డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకో, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చెయ్యి, అయిపోయింది" అంటారు. నెట్‌లో మారిపోతూ ఉండే అడ్రస్‌కి మారని పేరు తగిలించడం మొదటిది, బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని రౌటర్ లోపలి కంప్యూటర్‌కి పంపేలా చెయ్యడం రెండోది. ఇరవై ఏళ్ల కిందట ఇది మంచి సలహా. ఇవాళ మన ఊళ్లలో ఫైబర్ కనెక్షన్ ఉన్న చాలా ఇళ్లలో ఇది అసలు పనిచెయ్యదు. పనిచేసిన చోటేమో ప్రమాదం. అయినా ఈ సలహా చావదు. నెట్‌లో మన కనెక్షన్‌ని గుర్తించే సంఖ్య, అంటే ఐపీ అడ్రస్, మాటిమాటికీ మారిపోవడమే మన బాధంతా అనుకుంటాం కాబట్టి, ఆ ఒక్కదానికీ మందు దొరికితే చాలనిపిస్తుంది.

నన్నడిగితే అడ్రస్ మారడం చిన్న విషయం. దాని సంగతి 1990ల్లోనే తేలిపోయింది. కొత్త అడ్రస్ ఏమిటో మనకి చెప్పే మధ్యవర్తి ఎవరు, రేపు ఆ మధ్యవర్తి చేతులెత్తేస్తే ఆ స్థానంలో ఇంకొకరిని ఎంత తేలిగ్గా పెట్టుకోగలం? మనం తల బద్దలు కొట్టుకోవాల్సింది దాని గురించి.

మా బావగారికి సత్తుపల్లిలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. లెక్కలన్నీ ట్యాలీలో, కౌంటర్ పక్కనున్న ఒక పాత డెస్క్‌టాప్‌లో. ఆయన ఖమ్మం వెళ్లినప్పుడు ఏ రైతు ఖాతాలో ఎంత బాకీ ఉందో చూడాలి. జీఎస్టీ రిటర్నుల టైమ్‌లో ఆడిటర్ గారికి డేటా కావాలి. నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని ఇదంతా నడిచేలా చూడటం నా పని. మన ఇళ్లలో ఈ జీతం లేని ఉద్యోగం ఎవరికి వస్తుందో మీకు తెలిసిందే. నేనిక్కడ చెప్పేదంతా ఆ డెస్క్‌టాప్‌ని మనసులో పెట్టుకుని చెబుతున్నదే. "అదంతా క్లౌడ్‌లోకి ఎక్కించెయ్యొచ్చుగా" అంటారు కొందరు. తన లెక్కలు తన కొట్లోనే ఉండాలని ఆయన పట్టుదల. అందులో నాకు తప్పేమీ కనపడలేదు.

ముందు ఆ అడ్రస్ ఎందుకు మారుతుందో చూద్దాం. ఐపీవీ4 (ఐపీ అడ్రస్‌ల పాత పద్ధతి) అడ్రస్ అంటే 32 బిట్ల సంఖ్య. అన్నీ కలిపితే దాదాపు 429 కోట్లు. 1981లో ఆ ప్రమాణం ఖరారైనప్పుడు భూమ్మీద ఉన్న కంప్యూటర్లతో పోలిస్తే అది లెక్కలేనంత. అందుకే అప్పట్లో పంపకం కూడా ధారాళంగానే జరిగింది. అమెరికాలో ఎంఐటీ ఒక్కదానికే 1.67 కోట్ల అడ్రస్‌ల బ్లాకు ఉండేది. 2017లో అందులో కొంత భాగాన్ని అమ్ముకుంది కూడా. ఇటు చూస్తే, 2011 ఫిబ్రవరి 3న, ప్రపంచమంతటికీ అడ్రస్‌లు పంచే ఐయానా సంస్థ తన దగ్గర మిగిలిన చివరి ఐదు పెద్ద బ్లాకుల్ని ప్రాంతీయ సంస్థలకు పంచేసింది. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏప్నిక్ అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి తన చివరి బ్లాకుకు వచ్చేసి, అక్కడి నుంచి రేషన్ మొదలుపెట్టింది. మన జనం గుంపులుగా నెట్‌లోకి వచ్చింది ఆ తర్వాతే. జియో 4జీ మొదలైంది 2016 సెప్టెంబరులో. ఊళ్లలోకి ఫైబర్ వచ్చింది చాలా చోట్ల అంతకంటే ఆలస్యంగా. విస్తళ్లు ఎత్తేశాక బంతికి వచ్చినవాళ్లం మనం.

ఉన్న కాసిన్ని అడ్రస్‌లనే నెట్ కంపెనీ అందరికీ సర్దాలి. అందుకని ఎవరికీ శాశ్వతంగా ఇవ్వదు. కరెంటు పోయి ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) మళ్లీ వెలిగినప్పుడో, కంపెనీ వైపు సెషన్ తెగి మళ్లీ కలిసినప్పుడో, ఆ క్షణానికి ఖాళీగా ఉన్న అడ్రస్ ఒకటి మన చేతికిస్తుంది. నిన్నటిది ఇవాళ ఇంకెవరి ఇంట్లోనో ఉంటుంది.

దీనికి విరుగుడుగా పుట్టిందే డైనమిక్ డీఎన్ఎస్. డీఎన్ఎస్ అంటే పేరు చెబితే అడ్రస్ చెప్పే నెట్ డైరెక్టరీ. ఆలోచన చాలా సింపుల్. మన రౌటర్‌లోనో కంప్యూటర్‌లోనో ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుని, అడ్రస్ మారిన ప్రతిసారీ ఒక సర్వీసుకు "నేనిప్పుడు ఇక్కడున్నాను" అని కబురు పెడుతుంది. ఆ సర్వీసు మన పేరు పక్కన కొత్త అడ్రస్ రాసుకుంటుంది. ఆ సమాచారాన్ని ఎంతసేపు నమ్మొచ్చో చెప్పే గడువును నిమిషానికో రెండు నిమిషాలకో కుదిస్తారు కాబట్టి, బయటివాళ్లకు పాత అడ్రస్ ఎక్కువసేపు అంటుకుని ఉండదు. డీఎన్ఎస్ రికార్డుల్ని ఇలా నడుస్తుండగానే మార్చే పద్ధతికి 1997లోనే ప్రమాణం రాశారు. 1998లో అమెరికాలోని వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ కుర్రాళ్లు డిన్‌డీఎన్ఎస్ అనే సర్వీసు పెట్టి ఊరికే ఇవ్వడం మొదలుపెట్టారు. చాలా ఏళ్లపాటు రౌటర్ సెట్టింగుల పేజీలో డైనమిక్ డీఎన్ఎస్ అన్న చోట మొదట కనిపించే పేరు అదే.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, అడ్రస్ మారడం వేరు, అడ్రస్ మనది కాకపోవడం వేరు. మన దగ్గర ఎక్కువ మందికి ఉన్నది రెండో జబ్బు.

కంపెనీలు ఇప్పుడు ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక బోలెడు ఇళ్లను కూర్చోబెడుతున్నాయి. దీన్ని సీజీన్యాట్ అంటారు. మీ రౌటర్‌కి వచ్చేది లోపలి అడ్రస్. దానికోసమని 2012లో 100.64తో మొదలై 100.127 దాకా ఉండే ఒక శ్రేణిని ప్రత్యేకంగా పక్కన పెట్టారు. అందులో దాదాపు 42 లక్షల అడ్రస్‌లుంటాయి, ఏ కంపెనీ అయినా తన లోపల వాడుకోవచ్చు. 1990ల్లో విజిటింగ్ కార్డుల మీద, శుభలేఖల మీద ఫోన్ నంబర్ పక్కన పీపీ అని రాసేవారు గుర్తుందా? పక్కింటివాళ్ల ఫోన్ అన్నమాట. మనం వెళ్లి అక్కడి నుంచి ఎవరికైనా చేసుకోవచ్చు. మనకి ఎవరైనా చేస్తే మాత్రం వాళ్లు గోడ మీద నుంచి కేకెయ్యాలి. సీజీన్యాట్‌లో ఆ కేకేసే మనిషి కూడా లేడు. బయటి నుంచి వచ్చిన కాల్ కంపెనీ గేటు దగ్గరే పడిపోతుంది, ఏ ఇంటికి ఇవ్వాలో దానికి తెలియదు కాబట్టి.

ఈ పరిస్థితిలో డైనమిక్ డీఎన్ఎస్ పెడితే అదేమీ ఎర్రర్ చూపించదు. తన పని తాను నిజాయితీగా చేసి, మీ పేరు పక్కన ఆ గేటు అడ్రస్ రాసేస్తుంది. స్టేటస్ పచ్చగా ఉంటుంది, లోపలికి మాత్రం ఎవరూ రాలేరు. పోర్ట్ ఫార్వర్డింగ్ మీ రౌటర్‌లో చేశారు గానీ కంపెనీ గేటు దగ్గర చెయ్యలేదు, చెయ్యలేరు. మనవాళ్లు సాయంత్రాలకు సాయంత్రాలు పోగొట్టుకునేది ఇక్కడే. ఫైర్‌వాల్ ఆపేసి, యాంటీవైరస్ తీసేసి, చివరికి విండోస్ మళ్లీ ఎక్కించినవాళ్లని కూడా చూశాను.

పరీక్ష తేలిక. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రస్ (బయటి వైపు అడ్రస్) ఏముందో చూడండి. తర్వాత మన ఐపీ చూపించే వెబ్‌సైట్ ఏదైనా తెరిచి పోల్చండి. రెండూ ఒకటే అయితే అడ్రస్ మీదే, మారుతూ ఉంటుందంతే. వేరైతే, అందులోనూ రౌటర్‌లో ఉన్నది 100.64 దగ్గరదో 10తో మొదలయ్యేదో అయితే, డైనమిక్ డీఎన్ఎస్ మీద ఇంకో నిమిషం ఖర్చు పెట్టకండి. ఇంకో మాట, ఇంట్లో వైఫై మీద ఉండి ఇంటి పేరుతోనే కనెక్ట్ అవుతుందా అని చూడకండి. చాలా రౌటర్లు లోపలి నుంచి బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చే ఆ చుట్టును ఒప్పుకోవు. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద చూడండి.

సరే, డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకుంటే పోలేదా? కంపెనీకి ఫోన్ చేస్తే చెప్పేదీ అదే. కట్టొచ్చు. నెలనెలా అదనంగా కడితే మారని అడ్రస్, మనకి మాత్రమే చెందిన అడ్రస్ వస్తుంది. నేను వద్దన్నది డబ్బు చూసి కాదు. స్టాటిక్ ఐపీ తీసుకున్న ఊపులో మనం తర్వాత చేసే పని చూసి.

ఆ తర్వాత చేసే పని, విండోస్ కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపు, పోర్ట్ 3389ని, లోకానికి తెరవడం. మా బావగారి కొట్టుకి కంప్యూటర్ బిగించిన కుర్రాడు కూడా ఇదే చేద్దామన్నాడు. "సార్, పోర్ట్ నంబర్ మార్చేద్దాం, ఎవరికీ తెలీదు" అన్నాడు. ఎవరికీ తెలియకపోవడం అన్నది ఐపీవీ4లో లేదు. 2013లో మిషిగన్ యూనివర్సిటీవాళ్లు జీమ్యాప్ అనే టూల్ విడుదల చేశారు. గిగాబిట్ లైన్ ఉన్న ఒక్క కంప్యూటర్‌తో మొత్తం ఐపీవీ4 ప్రపంచంలో ఒక పోర్ట్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో 45 నిమిషాల్లోపు చూసెయ్యగలదు. పరిశోధన కోసం చేసిన టూల్ అది, కానీ అలాంటి స్కానింగ్ దొంగలూ చేస్తారు. అడ్రస్ మారినా దొరికిపోతాం, పోర్ట్ నంబర్ మార్చినా ఇంకాస్త ఆలస్యంగా దొరికిపోతాం. 2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ బ్లూకీప్ అనే లోపానికి ప్యాచ్ ఇచ్చింది. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లోంచి లోపలికి రాగలిగే లోపం అది. దాని తీవ్రత చూసి, అప్పటికే వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చారు. ఊరి కొట్లలో కౌంటర్ల పక్కన అప్పుడు నడుస్తున్న విండోస్ 7 మిషన్లు ఎన్నో ఆలోచించండి. అందులో ఎన్నింటికి ఎవరు అప్‌డేట్ చేసి ఉంటారు?

రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే వైరస్) పడి ట్యాలీ డేటా లాక్ అయిపోతే సంవత్సరం లెక్కలు పోయినట్టే. ఖాతా పుస్తకం దొంగ చేతిలో పెట్టి తాళం మనం కొనుక్కోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంట్లో కంప్యూటర్‌కి బయటి నుంచి దారి దొరకాలంటే దాదాపు ఎప్పుడూ మధ్యలో ఎవరో ఒకరు ఉంటారు. డైనమిక్ డీఎన్ఎస్ అయితే పేరు రాసుకునేవాడు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివైతే నంబర్ చెబితే కలిపేవాడు. వీళ్లు ఉచితంగా, తేలిగ్గా దొరుకుతారు కాబట్టి వీళ్ల ఉనికినే మర్చిపోతాం. చరిత్ర చూస్తే మర్చిపోకూడదనిపిస్తుంది.

డిన్‌డీఎన్ఎస్ సంగతే చూడండి. ఏళ్ల తరబడి ఉచితంగా ఇచ్చి, నెల రోజుల గడువు పెట్టి 2014 మేలో ఉచిత సర్వీసు ఆపేసింది. కంపెనీగా అది వాళ్ల హక్కు, నేను తప్పుపట్టను. కానీ వాళ్ల పేరు డీవీఆర్‌లలో (సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టెలు), రౌటర్లలో, దూరపు గోడౌన్ల కెమెరాల్లో పాతుకుపోయి ఉంది. సరిగ్గా తర్వాతి నెల, జూన్ 30న, ఇంకో పెద్ద సర్వీసు నో-ఐపీకి చెందిన ఇరవైకి పైగా డొమైన్లను మైక్రోసాఫ్ట్ నెవాడా కోర్టు ఉత్తర్వుతో తన చేతుల్లోకి తీసుకుంది. కొందరు మాల్వేర్‌గాళ్లు ఆ పేర్లను వాడుకుంటున్నారన్నది కారణం. దొంగలతో పాటు ఏ పాపమూ ఎరుగని లక్షల మంది పేర్లు కూడా పనిచెయ్యడం మానేశాయి. కొద్ది రోజుల్లో డొమైన్లు వెనక్కిచ్చారు, తర్వాత ఇద్దరూ రాజీ పడ్డారు. ఈ లోపు తన ఇంటి కెమెరా ఎందుకు రావట్లేదో తెలియని మనిషి రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసి ఉంటాడో.

తర్వాత 2016 అక్టోబరు 21. డిన్‌డీఎన్ఎస్ నడిపిన డిన్ కంపెనీ సర్వర్ల మీద పెద్ద దాడి జరిగి ట్విట్టర్, రెడిట్ లాంటి సైట్లు అమెరికాలో గంటల తరబడి తడబడ్డాయి. ఆ దాడి చేసింది మిరాయ్ అనే మాల్వేర్ పట్టుకున్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా నెట్ మీద తెరిచి పెట్టినవి. ఇళ్లలోని పెట్టెలకు పేర్లు ఇస్తూ ఎదిగిన కంపెనీ మీదికే ఇళ్లలోని పెట్టెలు ఎగబడ్డాయి. కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

ఇక ఎనీడెస్క్ పేరు మన దగ్గర ఎంత పాడయిందో చెప్పక్కర్లేదు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకుని ఆ తొమ్మిది అంకెల నంబర్ చెప్పండి" అనే బాపతు ఫోన్ల గురించి 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకే బ్యాంకులను హెచ్చరించింది. అది యాప్ తప్పు కాదు, మోసగాళ్లది. అయితే 2024 ఫిబ్రవరిలో తమ సొంత సర్వర్లలోకే ఎవరో చొరబడ్డారని ఆ కంపెనీ ప్రకటించి, సర్టిఫికెట్లు మార్చి, వెబ్ పోర్టల్ పాస్‌వర్డులు మార్చుకోమంది. ఎంత మంచి మధ్యవర్తికైనా చెడ్డ రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మన దగ్గర రెండో దారి ఉందా అన్నదే లెక్క.

మరి నేనేం చేశాను? దిక్కు తిప్పాను. బయటి నుంచి కొట్లోకి వెళ్లడం మానేసి, కొట్లోని కంప్యూటరే బయటికి కాల్ చేసి లైన్‌లో ఉండేటట్టు పెట్టాను. సీజీన్యాట్ బయటికెళ్లే కాల్‌ని ఆపదు, దాని జవాబుల్ని లోపలికి రానిస్తుంది. కాబట్టి ముంబైలో ఉన్న ఒక చిన్న అద్దె సర్వర్‌కి, మారని అడ్రస్ ఉన్నదానికి, కొట్టు డెస్క్‌టాప్ వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్‌తో టన్నెల్, అంటే తాళమేసిన ప్రైవేట్ దారి, కట్టుకుని ఉంటుంది. ఎక్కువసేపు మాటామంతీ లేకపోతే గేటు దగ్గర లైన్ తెగిపోతుంది కాబట్టి, 25 సెకన్లకోసారి ఊరికే ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది. ఫోన్ ఎత్తి "ఆఁ, వింటున్నా" అన్నట్టు. నా ల్యాప్‌టాప్, బావగారి ఫోన్ కూడా అదే సర్వర్‌కి కడతాయి. ముగ్గురం అక్కడ కలుస్తాం. కొట్టు అడ్రస్ రోజుకి పదిసార్లు మారినా నాకు పట్టదు. 3389 లోకానికి కనపడదు, టన్నెల్ లోపల మాత్రమే కనపడుతుంది.

వైర్‌గార్డ్‌లో నాకు నచ్చింది ఇదే. 2020 మార్చిలో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ 5.6తో అందులో భాగమైపోయిన ఈ ప్రోటోకాల్, ఎదుటివాడు ఎవరన్నది అతని తాళం చెవిని బట్టి గుర్తుపడుతుంది. సరైన తాళంతో సీల్ చేసిన ప్యాకెట్ ఏ అడ్రస్ నుంచి వస్తే, ఎదుటివాడు ఇప్పుడు అక్కడున్నాడని రాసుకుని జవాబు అక్కడికే పంపుతుంది. అడ్రస్‌ని గుర్తింపుగా వాడటం మానేస్తే, అది మారడమనే సమస్య దానంతటదే పోతుంది.

ఒక ముల్లు ఉంది, చెప్పాలి. సర్వర్ అడ్రస్‌ని అంకెల్లో రాయకుండా నా సొంత డొమైన్ పేరుతో రాశాను, రేపు సర్వర్ మార్చినా ఒక్క రికార్డు మారిస్తే చాలని. కానీ వైర్‌గార్డ్ ఆ పేరును టన్నెల్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే వెతుకుతుంది. తర్వాత పేరు వెనక అడ్రస్ మారినా మళ్లీ చూడదు. అందుకే కొట్టు మిషన్‌లో, సర్వర్ పలక్కపోతే టన్నెల్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టే చిన్న స్క్రిప్ట్ ఒకటి షెడ్యూల్ చేసి పెట్టాను. లైనక్స్ వాళ్లకైతే వైర్‌గార్డ్ టూల్స్‌తోనే ఇలాంటి పని చేసే స్క్రిప్ట్ వస్తుంది.

"ఇదంతా మాకెక్కడ కుదురుతుంది, నువ్వంటే ఆ పనిలోనే ఉన్నావు" అంటే ఒప్పుకుంటాను. నెలకో అద్దె సర్వర్ పెట్టుకుని, దాన్ని అప్‌డేట్ చేస్తూ కూర్చోవడం అందరి పనీ కాదు. అలాంటివాళ్లకి టెయిల్‌స్కేల్ లాంటిది వేసుకోమంటాను. లోపల అదీ వైర్‌గార్డే. రెండు వైపులా సీజీన్యాట్ ఉన్నా చాలాసార్లు నేరుగా కలపగలదు, కుదరకపోతే తన రిలే సర్వర్ల మీదుగా పంపుతుంది. తమాషా ఏమిటంటే అది మన మిషన్లకిచ్చే అడ్రస్‌లు కూడా ఆ 100.64 శ్రేణిలోవే. ఏ శ్రేణి మన తలుపు మూసిందో అందులోంచే ఇంకో తలుపు. ప్రైవేట్ తాళాలు మన మిషన్లలోనే ఉంటాయి కాబట్టి మనం ఏం పంపుతున్నామో వాళ్లు చూడలేరు. ఏ మిషన్లు మనవో, ఏది ఏదానితో కలవొచ్చో మాత్రం వాళ్ల సర్వర్ చెబుతుంది. అంటే అక్కడా ఓ మధ్యవర్తి ఉన్నాడు. కానీ ఆ మధ్యవర్తి చేసే పనిని మన సొంత సర్వర్ మీద చేసిపెట్టే హెడ్‌స్కేల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. రేపు టెయిల్‌స్కేల్ ఉచిత ప్లాన్ ఎత్తేసినా వెళ్లడానికి చోటుంది. నేను చూసే కొలబద్ద ఇదొక్కటే.

ఆ కొలబద్దతో చూస్తే అన్నిటికంటే అధ్వానం మన సీసీ కెమెరాలు. విజయవాడలో అమ్మానాన్నలు, డల్లాస్‌లో కొడుకు. డీవీఆర్ మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఇంటి గుమ్మం ఫోన్‌లో కనపడుతుంది. అడ్రస్ మారడం, సీజీన్యాట్, ఏదీ అడ్డం రాదు, ఎందుకంటే డీవీఆరే తయారీ కంపెనీ సర్వర్‌కి కాల్ చేసి ఉంటుంది. నేను కొట్లో చేసిందీ అదే కదా అనొచ్చు. తేడా ఏమిటంటే నా సర్వర్ నచ్చకపోతే మారుస్తాను. ఆ పద్ధతిలో డీవీఆర్‌కి ఇంకో మధ్యవర్తిని పెట్టడం కుదరదు. కంపెనీ ఆ యాప్‌ని మూసేస్తే, లేదా వాళ్ల సర్వర్లలోకి ఎవరైనా దూరితే, అమ్మావాళ్ల గుమ్మం సంగతి మన చేతిలో ఉండదు. ఆ క్లౌడ్ ఫీచర్‌ని ఆపేసి, కెమెరాని ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉంచి, టన్నెల్ ద్వారా చూడటం సాధ్యమే. బిగించేవాళ్లు అలా చెయ్యరు, వాళ్లకి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చేతులు దులుపుకోవడం సులువు.

అడ్రస్ గురించి ఇంత మాట్లాడాం గానీ, నిజానికి కొట్టు కంప్యూటర్ దొరకని రోజుల్లో ఎక్కువ సార్లు తప్పు కరెంటుది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతుంది, యూపీఎస్ కాసేపు లాగి పడిపోతుంది, కరెంటు వచ్చాక రౌటర్ లేస్తుంది, కంప్యూటర్ మాత్రం లేవదు. నేను ఫోన్ చేసి "బావా, కొంచెం మిషన్ ఆన్ చేయిస్తారా" అని అడగాలి. ఆయన పెళ్లిలో ఉంటారు, కుర్రాడు భోజనానికి వెళ్లి ఉంటాడు. కంప్యూటర్ లేచేటప్పుడు మొదట నడిచే బయోస్‌లో, కరెంటు తిరిగొస్తే తానే లేవాలన్న సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టాక ఈ ఫోన్లు చాలావరకు తగ్గాయి. టన్నెల్ కూడా ఎవరూ లాగిన్ కాకముందే లేచేలా సర్వీసుగా పెట్టాలి. రాత్రి విండోస్ తనంతట తాను అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయితే ఉదయం లాగిన్ స్క్రీన్ దగ్గర ఆగి ఉంటుంది మరి. ఇంకోటి, విండోస్ హోమ్ ఎడిషన్ బయటివాళ్లని రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి రానివ్వదు. ప్రో అయినా ఉండాలి, లేదా వీఎన్‌సీ లాంటి వేరే రిమోట్ ప్రోగ్రామ్ వేసుకోవాలి.

అసలైన మందు ఐపీవీ6, అంటే కొత్త తరం ఐపీ అడ్రస్‌లు, అని చదువుకున్నవాళ్లంతా అంటారు. 128 బిట్లు, ఎవరూ ఎవరి అడ్రస్‌నూ పంచుకోనక్కర్లేదు. మొదటి ప్రమాణం 1995లోనే వచ్చింది. ఈ విషయంలో మన దేశం వెనకబడి లేదు, నెట్ వాడేవాళ్లలో సగానికి పైగా ఐపీవీ6 మీదే ఉన్నారు, ముఖ్యంగా మొబైల్ కంపెనీల పుణ్యాన. బావగారి కొట్టు రౌటర్‌కి కూడా ఐపీవీ6 వస్తుంది. అయినా దాంతో మధ్యవర్తి లేకుండా బతకగలమా అంటే, ఇంకా లేదు.

ఒకటి, ఇక్కడా అడ్రస్ మారుతుంది. కంపెనీ ఇంటికిచ్చే ప్రిఫిక్స్ (అడ్రస్ మొదటి భాగం) రీకనెక్ట్ అయినప్పుడల్లా మారొచ్చు. దానికి తోడు విండోస్, ఫోన్లు గోప్యత కోసం తమ అడ్రస్ చివరి సగాన్ని తామే మార్చుకుంటూ ఉంటాయి. ఇది మంచిదే, కానీ డైనమిక్ డీఎన్ఎస్ పెట్టేటప్పుడు ఆ తాత్కాలిక అడ్రస్ ఎక్కకుండా చూసుకోవాలి. రెండు, కంపెనీ ఇచ్చిన రౌటర్ బయటి నుంచి వచ్చే ఐపీవీ6 కాల్స్‌ని అడ్డుకుంటుంది. అడ్డుకోవాలి కూడా. అయితే ఈ ఒక్క మిషన్‌కి, ఈ ఒక్క పోర్ట్ వదులు అని చెప్పే పేజీయే కొన్ని రౌటర్లలో ఉండదు. యూరప్‌లో నెట్‌వర్క్ నిర్వాహకుల వేదిక రైప్ 2017లోనే ఒక సిఫారసు రాసింది. ఇళ్లకిచ్చే ప్రిఫిక్స్‌ని ఊరికే మార్చకండి, మారనిదే ఇవ్వండి అని. ఐపీవీ4లో అయితే కొరత ఉంది, ఒకరిదొకరికి సర్దాలి అంటే అర్థముంది. ఐపీవీ6లో ఏ కొరతా లేదు. మారని ప్రిఫిక్స్ ఇవ్వడం, అడిగినవాళ్లకి ఫైర్‌వాల్‌లో ఒక మీట పెట్టడం కంపెనీ తలుచుకుంటే అయ్యే పని. స్టాటిక్ ఐపీ పేరుతో అదనంగా వసూలు చేసే అలవాటు పోతుందనేమో, ఎవరూ తలుచుకోరు.

మొన్న కనెక్షన్ రెన్యువల్‌కి ఫోన్ చేసినప్పుడు ఇదే అడిగాను. ఐపీవీ6లో బయటి నుంచి ఒక పోర్ట్ తెరవాలి, మీ రౌటర్‌లో ఎక్కడుంటుంది అని. అవతలి అబ్బాయి మర్యాదగా విన్నాడు, కాసేపు హోల్డ్‌లో పెట్టాడు, మళ్లీ వచ్చి "సార్, గేమింగ్ కోసమా?" అన్నాడు. ఎరువుల కొట్టు అని చెప్పాను. "అయితే స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్, బిజినెస్ ప్లాన్‌లో ఉంది" అన్నాడు. రెన్యువల్ మామూలు ప్లాన్‌కే చేయించి, ముంబై సర్వర్‌కి ఇంకో ఏడాది అద్దె కట్టాను.